నాగులమ్మ నింపిన ఏడు గళ్ళు

"రెండు వైర్లూ ఒకే గుంతలో పోతాండాయి కదే, ఆ గుంతకే ఏమన్నా అయితే ఎట్ల?"

సోమవారం పొద్దున ఇంకా ఎనిమిది కాలేదు. అప్పటికి ఏమీ జరగలేదు. ఇడ్లీ పాత్ర మూత కూడా తీయలేదు. అయినా నాగులమ్మ అడగవలసింది అడిగేసింది. జరిగిన తర్వాత భయపడటం ఎవరైనా చేస్తారు. ముందే భయపడి పెట్టుకుంటే తర్వాత కాస్త తీరిక దొరుకుతుందని ఆమె నమ్మకం.

"ఒకే గుంత కాదుమా," అంది కూతురు లోహిత, జడ అల్లుకుంటూ. "ఒకటి పూతలపట్టు మీంద పోతాది, ఇంకోటి పాకాల మీంద. నీకు మ్యాపులో చూపిచ్చినా కదా."

"మ్యాపులో సరేమే. మొన్న మీ చిన్నమ్మ ఇంటికి పోతా బస్సులోంచి సూసినా. పూతలపట్టు కాడ కల్వర్టు పక్కన తవ్వి పెట్టినారు. ఆరెంజి పైపొకటి, నల్ల పైపొకటి, అన్నదమ్ముల మాదిరి పక్కపక్కన పండుకోనుండాయి."

"నీళ్ళ పైపులయ్యుంటాయి. నువ్వు గమ్మునుండుమా, పన్నెండు లోపల ప్లాను పోవాల."

లోహిత తిరుపతిలో ఒక విశ్వవిద్యాలయం కంప్యూటర్ కేంద్రంలో ఇంజనీరు. దేశంలోని విశ్వవిద్యాలయాలనూ పరిశోధనశాలలనూ ఒకదానితో ఒకటి కలిపే జాతీయ నెట్‌వర్క్ ఒకటుంది. దాని లైను తిరుపతి నుంచి చిత్తూరు దాకా ఇరవై మూడు కళాశాలలకు వెళుతుంది. ఈ వైపు దాని మంచిచెడ్డలు చూసేది లోహితే. నిరుడు ఒక జేసీబీ ఆ లైనును తెంపేసింది. రెండు రోజులు పరీక్షలు ఆగిపోయాయి. ఇరవై మూడు కాలేజీల వాళ్ళూ లోహితకే ఫోన్ చేశారు, జేసీబీ ఆమే నడిపినట్టు. అప్పటి నుంచి ఆ పిల్లకు ఒకటే పట్టు: రెండో లైను కావాలి. వేరొక కంపెనీ ఈ మధ్యనే పాకాల మీదుగా లైను వేసుకుంది. అందులో మనకు చోటు తీసుకుంటే ఒకటి తెగినా ఇంకొకటి ఉంటుంది. తొమ్మిది నెలలు తిరిగి ప్లాను తయారుచేసింది. శుక్రవారం ఢిల్లీ సాంకేతిక కమిటీ దాన్ని ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే మళ్ళీ మూడేళ్ళకు గానీ వంతు రాదు. ఇరవై మూడు కాలేజీలకూ ఆమె మాటిచ్చి కూర్చుంది.

ప్లాను ఆఖరి పేజీలో ఒక పట్టిక ఉంది. ఏమేమి చెడిపోవచ్చో రాయడానికి పది గళ్ళు. లోహిత మూడు నింపింది: కరెంటు పోవచ్చు, మిషన్ పాడవచ్చు, కేబుల్ తెగవచ్చు. మిగిలిన ఏడూ ఖాళీగా వదిలి స్నానానికి వెళ్ళింది.

నాగులమ్మ పుట్టింట్లో కాయితం మీద ఖాళీ వదలడమంటే దీపం లేని ఇంట్లో తలుపు తీసి పెట్టినట్టు. ఆమె నాయన ఒకప్పుడు ఖాళీ కాయితం మీద వేలిముద్ర వేసి మామిడితోపులో రెండు వరసల చెట్లు పోగొట్టుకున్నాడు. ఆనాటి నుంచి ఆ వంశంలో ఎవరూ ఏ ఫారంలోనూ ఒక్క గడి ఖాళీ ఉంచరు. లోహిత పదో తరగతి దరఖాస్తులో 'ఇతర వివరములు' అన్నచోట నాగులమ్మ, 'చిన్నప్పుడు కామెర్లు వచ్చినాయి, ఎండలో నిలబెట్టవద్దండి' అని రాసి పంపిన మనిషి.

ఆమె స్నానాలగది తలుపు దగ్గరికి వెళ్ళింది.

"ఏమే, ఈ గళ్ళలో ఏం రాయాల?"

"ఏమేమి చెడిపోతాయో రాయాలమ్మా!"

"ఎవురు రాయాల?"

"తెలిసినోళ్ళు రాయాల!"

నాగులమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. ఏమేమి చెడిపోతాయన్న విషయంలో ఆ ఇంట్లోనే కాదు, ఆ వీధిలోనే తనకన్నా తెలిసినవాళ్ళు లేరు. చదివింది ఏడో తరగతే అయినా దస్తూరీ ముత్యాల్లాంటిది. కూర్చుని, నోట్లో నాలుక కొసను పళ్ళ మధ్య పెట్టుకుని, ఇలా రాసింది:

నాలుగు: పూతలపట్టు కల్వర్టు కాడ రెండు వైర్లూ ఒకే గుంతలో ఉండాయి. పెద్దవాన వస్తే రెండూ పోతాయి.

ఐదు: ఏనుగులు దిగితే.

ఆరు: గంగజాతర రోజు అందరూ సెలవు పెడితే.

ఏడు: మామిడికాయల కాలంలో లారీలు వెనక్కి తీసి స్తంభాన్ని గుద్దితే.

ఎనిమిది: మా లోహితకు జరం వస్తే ఎవురు సూస్తారు?

తొమ్మిది: పైన కూర్చోనుండే పెద్దాయన మారిపోయి, కొత్తాయనకు ఇవేవీ తెలియకపోతే.

పది: ఇవి కాక ఇంకేమన్నా అయితే.

పదో గడి నిండాక ఆమెకు గుండె కుదుటపడింది. కాయితాలు కవరులో పెట్టి ఇడ్లీలోకి చెనిక్కాయల ఊరిబిండి నూరుకుంది.

లోహిత కవరు తీసుకుని పరుగున వెళ్ళింది. కేంద్రం డైరెక్టరు వెంకటేశ్వర్లు పెన్సిలుతో గుర్తు పెట్టినచోట సంతకం చేస్తాడే తప్ప పేజీ తిప్పి ఎరగడు. ఆఫీసులో అన్ని పేజీలూ స్కాన్ చేశారు. పదకొండు యాభై రెండుకు ప్లాను ఢిల్లీ చేరింది. లోహిత ఊపిరి పీల్చుకుని క్యాంటీన్‌లో కాఫీ తాగింది. అదే ఆ వారంలో ఆమె తాగిన ఆఖరి ప్రశాంతమైన కాఫీ.

బుధవారం పొద్దున వెంకటేశ్వర్లు ఆమెను గదిలోకి పిలిచాడు. ముఖం సగం వెలుగుతోంది, సగం ఆరిపోతోంది.

"ఢిల్లీ నుంచి మెయిల్ వచ్చిందమ్మా. ఇంత నిజాయితీగా ఇబ్బందులు రాసిన పట్టిక ఏ రాష్ట్రం నుంచీ రాలేదంట. అదీగాక ఏ భారతీయ భాషలో రాసినా తీసుకోవాలని వాళ్ళకొక రూలుందంట. పెట్టి ఎనిమిదేండ్లయింది, వాడుకునింది మనమే మొదట."

"తెలుగులోనా సార్? నేను తెలుగులో ఏమీ రాయలేదే!"

అతను తెర ఆమె వైపు తిప్పాడు. గుండ్రటి 'ళ' చూడగానే లోహితకు ఆ దస్తూరీ తెలిసిపోయింది. రెండో తరగతిలో ఆ 'ళ' దిద్ది దిద్దే ఆమె వేలికి కాయ కాచింది.

"సార్... ఇది మా అమ్మ రాసింది."

వెంకటేశ్వర్లు కుర్చీలో వెనక్కి వాలాడు. "ఎంత పని చేస్తివమ్మా! నేను పై సగం చదివి, 'నా పర్యవేక్షణలో మా క్షేత్ర నిపుణురాలు తయారుచేసినారు' అని జవాబు పంపేస్తిని."

"కింద సగంలో ఏముంది సార్?"

"శుక్రవారం వీడియో మీటింగుకు ఆ నిపుణురాలిని తీసుకురమ్మన్నారు. అదీగాక, రాసిన ప్రతి ప్రమాదానికీ ఎవరు బాధ్యులు, ఏం చేస్తారు, ఎప్పటిలోగా అన్నవి కావాలంట."

"కొట్టేసేద్దాం సార్."

"రూలు చూడు. ఒకసారి ఎక్కినదాన్ని కొట్టేయాలంటే అది జరగదని రాసివ్వాల. ఏనుగు రాదని నువ్వు రాసిస్తావా? నేనైతే రాసివ్వను. పోయిన నెలే మా తోడల్లుడి తోపులోకి వచ్చింది."

ఇక అక్కడి నుంచి నాగులమ్మ భయాలు ప్రభుత్వ భాషలో నడవడం మొదలుపెట్టాయి. మధ్యాహ్నానికి ఢిల్లీలో ముగ్గురు సభ్యులతో ఏనుగుల ఉపసంఘం ఏర్పడింది. ఏనుగు కేబులును తింటుందా తొక్కుతుందా తేల్చి చెప్పమని వాళ్ళ మొదటి ఉత్తరం. గంగజాతర రాబోయే ఐదేళ్ళలో ఏయే తేదీల్లో వస్తుందో పంపమని రెండో ఉత్తరం. జాతర తేదీ ముందుగా ఎవరికీ తెలియదనీ, చాటింపు వేసినప్పుడే తెలుస్తుందనీ రాస్తే, చాటింపు వేసే వారి ఈమెయిల్ పంపమని మూడో ఉత్తరం. లోహిత జ్వరానికి బదులు మనిషిగా సహోద్యోగి ఢిల్లీబాబును నియమిస్తూ ఆర్డరు కూడా వచ్చింది. ఢిల్లీబాబు దాన్ని ప్రమోషన్ అనుకున్నాడు. గురువారం పొద్దున గుమ్మం దగ్గరే కాచుకుని ఆశగా అడిగాడు.

"జరమేమన్నా ఉండాదా మేడమ్?"

"లేదప్పా."

"పోనీలెండి. నేను రెడీగానే ఉండాను."

బుధవారం సాయంత్రం ఇంట్లో ఏం జరిగిందో కూడా చెప్పాలి. లోహిత చెప్పులు విప్పకుండానే వంటింట్లోకి వచ్చింది.

"ఆ పేపర్ల మీంద ఎందుకు రాసినావుమా?"

"తెలిసినోళ్ళు రాయాలంటివి కదే."

"తెలిసినోళ్ళంటే ఇంజనీర్లు!"

"ఇంజనీర్లు మూడే రాసి వదిలేసినారు కదమ్మా. ఏడు గళ్ళు బిత్తరబిత్తరగా నన్నే సూస్తా ఉంటే ఎట్ల వదిలేది?" అంది నాగులమ్మ. అంతలో కూతురి ముఖం చూసి గొంతు తగ్గించింది. "ఏమే, ఉద్యోగం తీసేస్తారా?"

"ప్లాను తిప్పి పంపితే చాలు. మూడేండ్లు నేను యాడా తలెత్తుకోలేను."

లోహిత నాయన చెంగల్రాయుడు వరండాలోంచి తొంగిచూశాడు. ఆయన తిరుపతి–చిత్తూరు బస్సులో ముప్పై ఒక్క ఏళ్ళు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఏ విషయమైనా స్టేజీల లెక్కనే ఆలోచిస్తాడు. "ఇంకా చంద్రగిరి కూడా దాటలేదు, అప్పుడే చిత్తూరు గురించి ఏడ్సేదెందుకు? శుక్రవారం రానీ," అన్నాడు.

ఆ రాత్రి నుంచి నాగులమ్మ అన్నం సరిగా తినలేదు. ఇన్నాళ్ళూ ఊరికే భయపడిన మనిషికి నిజంగా భయపడవలసినది ఎదురైతే ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది. తన రాత వల్ల బిడ్డ మాట పోతుంది. గంగమ్మకు పొంగలి మొక్కుకుంది. డైరెక్టరు ఫోన్ చేసి, ఏమడిగినా 'పరిశీలిస్తున్నాం సార్' అని మాత్రమే చెప్పమంటే, ఆ రెండు మాటలూ గిన్నెలు తోముతూ నూటొక్కసారి అనుకుంది.

శుక్రవారం పదకొండు గంటలకు నాగులమ్మ మెరూన్ రంగు పట్టుచీరలో, చెంగల్రాయుడు ఇస్త్రీ చొక్కాలో మీటింగు గదికి వచ్చారు. నాగులమ్మ చేతిలో నాలుగు గిన్నెల క్యారియర్. మీటింగులు ఆలస్యమైతే కడుపులో మంట వస్తుందని ఎవరో చెప్పగా విన్నది. గోడ మీద పెద్ద తెర, తెర మీద గళ్ళు, గళ్ళలో పన్నెండు తలకాయలు. ఒక్క గడీ ఖాళీ లేదని గమనించి ఆమె కొంత సంతోషించింది.

మధ్యలో ఉన్న తెల్లజుట్టు పెద్దాయన కమిటీ అధ్యక్షుడు, డాక్టర్ ఇమ్మానుయేల్.

"నమస్కారం అమ్మా. నాది పుత్తూరు. నలభై ఏండ్లయింది ఊరు వదిలి. మీ రాత చదివి నేనే ఇంగ్లీషులో పెట్టించినాను."

నాగులమ్మ నేర్చుకున్న రెండు మాటలూ ఎగిరిపోయాయి. "పుత్తూరా సామీ! మా ఆయన చెయ్యి ఇరిగితే ఆడే కదా కట్టు కట్టిచ్చింది! ఇప్పటికీ వానొస్తే లాగతాది." చెంగల్రాయుడు రుజువుగా చెయ్యి ఎత్తి చూపించాడు. వెంకటేశ్వర్లు కళ్ళు మూసుకున్నాడు.

"సరే, ఏనుగుతో మొదలుపెడదాం," అన్నాడు అధ్యక్షుడు. "తింటాదా, తొక్కుతాదా?"

"రెండూ కాదు సామీ. మామిడితోపులోకి వచ్చినప్పుడు దానికి ఈపు దురద పుడతాది. స్తంభానికేసి గీరుకుంటాది. స్తంభం పడిపోతాది. దానికి పాపం మన వైర్లతో ఏం పని?"

ఉపసంఘం వాళ్ళు ముగ్గురూ తలలు వంచి రాసుకున్నారు. తోపుల పక్కన స్తంభాలు వద్దు, భూమిలోనే వేయాలని తీర్మానమైంది. లారీల బాధ కూడా దాంతోనే తీరింది. ఆరో గడికి, జాతర రోజు వేరే జిల్లా మనిషి డ్యూటీలో ఉంటాడని రాసుకున్నారు. తొమ్మిదో గడికి వచ్చేసరికి అధ్యక్షుడు నవ్వి, "ఆ మారిపోయే పెద్దాయన నేనే అమ్మా. వచ్చే ఏడు రిటైరవుతాండా. అన్నీ రాసిపెట్టే పోతాను," అన్నాడు. కూతురి జ్వరం సంగతి చదివినప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు. అస్సాం వైపు నుంచి ఒకాయన, తమ దగ్గర కూడా అన్నీ తెలిసినవాడు ఒక్కడేననీ, అతనికి పోయిన వారమే కామెర్లు వచ్చాయనీ ఒప్పుకున్నాడు. మూలన కూర్చున్న ఢిల్లీబాబు కాలరు సర్దుకున్నాడు.

అప్పుడు అధ్యక్షుడు నాలుగో గడికి వచ్చాడు. గొంతు మారింది.

"ఇది నిజమైతే అన్నిటికన్నా పెద్ద విషయం. రెండు లైన్లు యాడా కలవకూడదని రూలు. కలిస్తే అది రెండో లైనే కాదు. ప్లాను తిప్పి పంపాల్సి వస్తాది. మీరు కండ్లారా చూసినారా అమ్మా?"

నాగులమ్మ కూతురి వైపు చూసింది. లోహిత ముఖంలో నెత్తురు చుక్క లేదు. తొమ్మిది నెలల తిరుగుడు, ఇరవై మూడు కాలేజీలకిచ్చిన మాట, అన్నీ ఆ కల్వర్టు దగ్గర ఆగిపోయి ఉన్నాయి.

"నేను... ఆ పొద్దు కండ్లద్దాలు పెట్టుకోలేదు సామీ," అంది నాగులమ్మ. "సరిగ్గా కనపళ్ళేదు. నీళ్ళ పైపులే అయ్యుంటాయి."

నీళ్ళ పైపులు! సోమవారం పొద్దున లోహిత తానే అన్న మాట. లోహితకు అమ్మ సంగతి తెలుసు. ఎదురుగా వచ్చే లారీ ఎక్కడ తన కంట పడకుండా పోతుందోనని బస్సులో కునుకు కూడా తీయదు. అద్దాలు లేకుండా బస్సు మెట్టెక్కడం ఈ జన్మలో జరగలేదు. ఊరుకుంటే ప్లాను నెగ్గుతుంది. పెద్దవాన వచ్చినరోజు మాత్రం రెండు లైన్లూ కలిసి నీళ్ళలో పోతాయి.

"అమ్మా," అంది. "నువ్వు అద్దాల్లేకుండా బస్సెక్కింది ఎప్పుడుమా? చూసింది చెప్పు." తర్వాత తెర వైపు తిరిగింది. "సార్, నేను చూసింది మ్యాపు. గుంతను చూసింది మా అమ్మ."

వెనక వరసలోంచి చెంగల్రాయుడు లేచి నిలబడ్డాడు, టికెట్ల సంచీ భుజానున్నట్టే. "నేను గూడా పక్క సీట్లోనే ఉండాను సార్. ఆడ స్పీడు బ్రేకరుండాది, బస్సు స్లో అయితాది. కల్వర్టుకు ఇవతల, టీ అంగడికి అవతల. రెండు పైపులు. ఒకటి ఆరెంజి, ఒకటి నలుపు."

"మునిచంద్రా," అని పిలిచాడు అధ్యక్షుడు. మునిచంద్ర రెండో లైను వేసిన కంపెనీ మనిషి. ఆయన గడి చటుక్కున నల్లగా మారిపోయింది.

"రెండో లైను అప్పుడే తెగినట్టుండాదే," అన్నాడు అధ్యక్షుడు.

కాసేపటికి మునిచంద్ర మళ్ళీ కనిపించాడు, నుదురు తుడుచుకుంటూ. "పాకాల కాడ గుట్టరాయి తగిలింది సార్. తవ్వలేక నాలుగు కిలోమీటర్లు పక్కకు తిప్పి, పూతలపట్టు కాడ పాత లైను గుంతలోనే వేసేసినాం. మ్యాపు మార్చడం మర్చిపోయినాం సార్."

లోహిత కాయితాలు సర్దుకోవడం మొదలుపెట్టింది. నాగులమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుంది. అధ్యక్షుడు మాత్రం రూళ్ళ పుస్తకం తిరగేస్తున్నాడు, తీరిగ్గా, వేలు తడుపుకుంటూ.

"తొందరపడొద్దమ్మా. ఈడ ఇంకో రూలుండాది. తప్పును మేము తనిఖీలో పట్టుకుంటే ప్లాను తిప్పి పంపాల. ప్లాను రాసినవాళ్ళే ముందుగా చెప్పుకుంటే తిప్పి పంపకూడదు, సరిచేయించి ఒప్పుకోవాల. మీరు నాలుగో గడిలో చెప్పుకోనే ఉండారు." ఆయన కళ్ళజోడు తీశాడు. "తనిఖీ వాళ్ళు ఎట్లాగూ సోమవారం పూతలపట్టుకు పోతాండారు. ఆ గడి ఖాళీగా ఉండుంటే ఈ ప్లాను గతి ఏమయ్యుండేదో మీరే ఆలోచించుకోండి. మునిచంద్రా, ఉగాదిలోపల ఆ రాయి పగలగొట్టి పాకాల మీందే వేయండి. ప్లాను ఒప్పుకున్నాం."

వెంకటేశ్వర్లు మొదట చప్పట్లు కొట్టాడు. అంతా తన పర్యవేక్షణలోనే జరిగిందని ఆయనకు అప్పుడు మళ్ళీ గుర్తొచ్చింది. లోహిత అమ్మ చెయ్యి పట్టుకుంది. అది ఊరిబిండి వాసన వేస్తోంది. ఢిల్లీబాబు వంగి మెల్లగా అడిగాడు: "కండ్లలో నీళ్ళొస్తాండాయి మేడమ్. జరమేమో?"

"ఇంకొక్కటే మిగిలింది," అన్నాడు అధ్యక్షుడు. "పదో గడి. 'ఇవి కాక ఇంకేమన్నా అయితే.' దీనికి బాధ్యులుగా ఒక పేరు రాయాల. రాయకపోతే ఫైలు మూయనివ్వదు కంప్యూటరు. ఎవరు తీసుకుంటారు?"

గళ్ళలో చాలామంది ఎవరి కప్పులోకి వాళ్ళు చూసుకున్నారు. అస్సాం ఆయన కిటికీలోంచి బయటకు చూశాడు. ఏనుగుల ఉపసంఘం తమ పని ఏనుగుల వరకేనన్నట్టు కదలకుండా కూర్చుంది. వెంకటేశ్వర్లు పెన్ను కిందపడేసుకుని దాని కోసం బల్ల కిందికి వెళ్ళాడు, పైకి రాలేదు. క్యారియర్‌లో సాంబారు చల్లారిపోతోంది. ఆ ఖాళీ గడి తెర మీద తెల్లగా, వెడల్పుగా అలాగే నిలబడి ఉంది.

నాగులమ్మ ఎంతసేపని ఓర్చుకుంటుంది?

"నా పేరు రాసుకోండి సామీ," అంది చివరికి. "ఎట్లాగూ ఆ పని ఇంట్లో చేస్తానే ఉండాను."